సీజను కాని వేళ



ఆఖరి అమ్మాయి అత్తవారింటికి వెళ్ళాక మా ఇంట్లో మాటలు తగ్గిపోయాయి. పోట్లాటేమీ లేదు. వండుకోవడం, తినడం, పొలం పని, ఆదివారం గుడి, అంతే. పాతికేళ్ళుగా మేము మాట్లాడుకున్నదంతా పిల్లల గురించేనని అప్పుడు తెలిసింది.

ఆగస్టులో నాట్లు ముగిశాక గేదెలను పక్కింటివారికి అప్పగించి, రెండు రోజులు తమిళనాడులోని తరంగంబాడి వెళ్ళివచ్చాము. మయిలాడుతురై దాకా రైలు, అక్కడినుండి బస్సు. సముద్రపు ఒడ్డున చిన్న ఊరు. అలలు పాడే చోటని ఆ పేరుకు అర్థం చెబుతారు. "ఇది సీజను కాదండీ, డిసెంబరులో రావలసింది" అన్నాడు లాడ్జి గుమస్తా వచ్చీరాని తెలుగులో, అద్దె తగ్గిస్తూనే.

నిజమే, వీధులు ఖాళీగా ఉన్నాయి. డేన్మార్కువారు 1620లో కట్టడం మొదలుపెట్టిన డాన్స్‌బోర్గ్ కోట ఎదుట ఇసుకలో మేమిద్దరమే. ఏమి మాట్లాడుకోవాలో తోచక, చీకటి పడేదాకా అలలకేసి చూస్తూ కూర్చున్నాము.

1706 జూలైలో జీగెన్‌బాల్గు, ప్లూచావ్ అనే ప్రొటెస్టెంటు మిషనెరీలు దిగింది ఈ ఊళ్ళోనే. రెండేళ్ళు దాటీ దాటకముందే కోట అధికారి జీగెన్‌బాల్గుగారిని నాలుగు నెలలు చెరలో పెట్టాడు. చూసినవారు ఇక ఆయన పని అయిపోయిందనే అనుకొని ఉంటారు. కాని తమిళ క్రొత్త నిబంధన 1715లో అచ్చయినదీ, నూతన యెరూషలేము గుడి 1718లో వెలసినదీ ఆ చెర తరువాతనే. 1719లో, 36 ఏళ్ళకే, ఆయన ప్రభువునందు నిద్రించి ఆ గుడిలోనే సమాధి చేయబడ్డారు. అదే ఏడు ఆ ఊరికి వచ్చిన బెంజిమన్ షుల్జ్‌గారు తరువాత మద్రాసు చేరి, బైబిలును తెలుగులోకి తర్జుమా చేశారు. అది అచ్చుకు నోచుకోలేదు. అయినా మన భాషలో వాక్యముండాలని అంత ముందుగా ఒకరు ప్రయాసపడ్డారు.

ఆదివారం ఆ గుడిలో ఆరాధనకు వెళ్ళాము. తమిళం మాకు రాదు. అయినా మోకరించవలసిన వేళ అందరితో మోకరించాము. జనం వెళ్ళిపోయాక, "మన సీజనూ అయిపోయినట్టేనా?" అని మాలో ఒకరం అడిగాము. "నాకూ అదే దిగులు" అన్నారు రెండవవారు. ఇక మాటలు ఆగలేదు. పెళ్ళికి చేసిన అప్పులో దాచి ఉంచిన ముప్పై వేలు, ఎవరికీ చెప్పని మోకాలి నొప్పి, అన్నీ బయటికి వచ్చాయి. కొంచెం కన్నీళ్ళూ వచ్చాయి. ఎన్నో నెలల తరువాత చేతులు పట్టుకొని ప్రార్థించాము.

అప్పు ఇంకా ఉంది. నొప్పికి వైద్యం మొదలైంది. రాత్రి భోజనమయ్యాక అరగంట అరుగుమీద కూర్చుంటున్నాము.

అలసివచ్చిన శిష్యులను ప్రభువు జనసందడికి దూరంగా పిలిచాడు (మార్కు 6:31). మీరు తరంగంబాడి దాకా వెళ్ళనక్కరలేదు. భీమిలి ఉంది, సూర్యలంక ఉంది, మీ ఊరి చెరువుగట్టు ఉంది. జనం లేని రోజు చూసుకొని, ఇద్దరే వెళ్ళండి.

దేవుడు మీ గృహమును దీవించును గాక. ఆమేన్.