పాట స్కిప్ చేస్తే ఏం పోతుంది?

మీరూ చేస్తారని నాకు తెలుసు. సినిమా మధ్యలో పాట మొదలైందంటే బొటనవేలు దానంతటదే స్క్రీన్ కుడివైపుకి పోతుంది. టక్ టక్, పది పది సెకన్లు. కామెడీ సినిమా అయితే ఇంకా ఫాస్ట్.

పోయిన నెల వర్క్ ఫ్రమ్ హోమ్ పెట్టుకుని బెంగళూరు నుంచి మా ఖాజీపేటకి వచ్చినా. అమ్మ పోయినాక ఇంట్లో నాన్న ఒక్కడే. ఇద్దరం మాట్లాడుకునేది తక్కువ. అందుకే రాత్రిపూట లాప్‌టాప్‌లో ఏదో ఒక సినిమా పెడతా. ఆ రోజు పెట్టింది 'ద షాప్ అరౌండ్ ద కార్నర్'. 1940లో ఎర్నెస్ట్ లూబిచ్ తీసింది. బుడాపెస్ట్‌లో ఒక షాపు. అందులో పనిచేసే అబ్బాయి, అమ్మాయి పొద్దస్తమానం కొట్లాడుకుంటారు. కానీ పేర్లు తెలియకుండా ఉత్తరాలు రాసుకుని ప్రేమించుకునేది కూడా వాళ్లిద్దరే. నేను పక్కన కూచొని తెలుగులో చెప్తా ఉన్నా. నాన్న బాగానే నవ్వినాడు. సగం అయినాక మాత్రం, "ఒక్క పాటన్నా రాదేం రా?" అన్నాడు.

హాలీవుడ్ వాళ్లకీ అదే అనిపించినట్టుంది. 1949లో ఇదే కథని జూడీ గార్లాండ్‌తో, పాటలతో 'ఇన్ ద గుడ్ ఓల్డ్ సమ్మర్‌టైమ్' అని తీశారు. ఊరు షికాగో అయ్యింది. షాపేమో వాద్యాలు, పాటల కాగితాలు అమ్మే షాపు అయ్యింది. ఈ మార్పు చేసినోడికి దండం పెట్టాలి. కస్టమర్‌కి పాడి వినిపించడమే హీరోయిన్ డ్యూటీ అయినప్పుడు, పాట ఎందుకొచ్చిందని ఎవరడుగుతారు?

అన్నీ అంత బాగా కుదరలేదు. 'ద ఫిలడెల్ఫియా స్టోరీ' (1940) నడిచేదే మాటల స్పీడ్ మీద. కాథరిన్ హెప్‌బర్న్, క్యారీ గ్రాంట్ ఒకరికొకరు అంటించుకునే చురకలే ఆ సినిమా. 1956లో దాన్నే 'హై సొసైటీ'గా తీశారు. కోల్ పోర్టర్ పాటలు, బింగ్ క్రాస్బీ, ఫ్రాంక్ సినాట్రా గొంతులు. వినడానికి బ్రహ్మాండం. కానీ పాటకి చోటు కావాలంటే మాటలు కోయాలి. నా లెక్కలో ఆ బేరం నష్టమే.

మన దగ్గర ఈ గొడవ లేదు. ఏ కథ వచ్చినా పాటలతోనే వస్తుంది. 'రూత్‌లెస్ పీపుల్' (1986)లో పెళ్లాన్ని కిడ్నాప్ చేస్తే మొగుడు పండగ చేసుకుంటాడు. ఆ పాయింట్ మీదే శివనాగేశ్వరరావు 1993లో 'మనీ' తీశారు. కిడ్నాప్ అయ్యేది జయసుధ, మొగుడు పరేష్ రావల్. కానీ ఇప్పటికీ మీమ్స్‌లో తిరిగేది ఎవరు? బ్రహ్మానందం ఖాన్ దాదా. ఇంగ్లీషు సినిమాలో ఖాన్ దాదా లేనే లేడు మరి!

మరుసటి రాత్రి నాన్న అడిగిందే పెట్టినా. 'మిస్సమ్మ', 1955. తీసినవాళ్లలో ఒకరు మన కడప జిల్లా బి. నాగిరెడ్డి. ఇదీ వేరేచోటి కథే, బెంగాలీది. టీచరు ఉద్యోగాల కోసం రావు (ఎన్టీఆర్), మేరీ (సావిత్రి) మొగుడూ పెళ్లాలుగా నటిస్తుంటారు. షికాగో షాపు ట్రిక్కు ఇక్కడా ఉంది. ఇంట్లో సంగీతం పాఠాలు నడుస్తాయి. రావు పాఠంగా పాడిన వరుసకే మేరీ మాటలు మార్చి జవాబిస్తుంది. పోట్లాట మొత్తం పాఠంలోనే!

ఇదంతా నేను తర్వాత చూసింది. ఆ రాత్రి మాత్రం పాట రాగానే అలవాటు కొద్దీ వేలు పోయింది. టక్ టక్. నాన్న ఏమీ అనలేదు. లేచి అరుగు మీదికి పోయినాడు.

పొద్దున కాఫీ తాగుతూ వెనక్కి జరిపి చూసినా. నేను ఎగరగొట్టింది చందమామ పాట. ఒకరితో ఒకరు చెప్పుకోలేనిది, ఇద్దరూ చంద్రుడికి ఫిర్యాదు చేస్తారు. నిజం మొగుడూ పెళ్లాల లాగే. అది తీసేస్తే, నటన ఎక్కడ ఆగి ప్రేమ ఎక్కడ మొదలైందో తెలీదు. ఎవరూ వాడట్లేదులే అని కోడ్‌లో ఒక ఫంక్షన్ డిలీట్ చేసి, రాత్రంతా కూర్చున్న రోజులు గుర్తొచ్చాయి.

ఇంకోటి కూడా గుర్తొచ్చింది. అమ్మ అంట్లు తోముతూ కూనిరాగం తీసేది ఈ పాటే.

సాయంత్రం కరెంటు పోయింది. లాప్‌టాప్‌లో చార్జింగ్ లేదు. "ఆ చందమామ కాడికి పెట్టు" అన్నాడు నాన్న. ఫోన్‌లో పెట్టి, సౌండ్ సరిపోదని స్టీలు గ్లాసులో నిలబెట్టినా.

"బొమ్మ కనపడదు నాన్నా."

"బొమ్మ నాకు తెలుసులే" అన్నాడు.