చేతిలో ఏమీ లేని కాపలా

కాపలా అనగానే మనకు కర్రో తుపాకీయో మనసులో మెదులుతుంది. బోగన్‌విల్ సంగతి చదివాక నేను ఆ అభిప్రాయం మార్చుకోవలసి వచ్చింది.

కాగితంపూల చెట్టుకు పేరిచ్చిన ఫ్రెంచి నావికుడి పేరే ఆ ద్వీపానిదీ. పాపువా న్యూగినీలో భాగం. తమ నేలను తవ్వి, నదిని పాడుచేసి, పంగునా రాగి గని లాభాలను పరాయివారు తరలించుకుపోతున్నారన్న ఆగ్రహం 1988లో తిరుగుబాటుగా మారింది. దాదాపు పదేళ్ల పోరులో వేలమంది మరణించారు. 1997 అక్టోబరులో న్యూజిలాండ్‌లోని బర్న్‌హామ్‌లో సంధి కుదిరింది.

దానిని కనిపెట్టి చూడడానికి న్యూజిలాండ్, ఆస్ట్రేలియా, ఫిజీ, వనువాటుల నుండి సైనికులూ పౌరులూ వచ్చారు. వారిలో స్త్రీలూ ఉన్నారు. ఎవరివద్దా ఆయుధం లేదు. 1998 మే నుండి 2003 జూన్ వరకు పనిచేసిన శాంతి పర్యవేక్షక బృందం పసుపుపచ్చ చొక్కాలతో ఊరూరా తిరిగింది. ఒప్పందంలో ఏముందో వివరించింది, ఫిర్యాదులు విన్నది, పుకార్లలో నిజమెంతో విచారించింది.

ఆయుధమున్నవాడు తన రక్షణ తానే చూసుకుంటాడు. లేనివాణ్ణి ఊరే కాపాడాలి. అతిథికి హాని జరిగితే పరువు పోయేది ఊరిది. అందువల్ల శాంతిభారం పరాయివారి మీదికి జారిపోకుండా ఊరివారి భుజానే నిలిచిందని నా అభిప్రాయం.

ఇరుపక్షాలూ అలసిపోయి సంధి కోరుకున్నందువల్లే ఇది సాధ్యమైందని మీరనవచ్చు. కాదనను. ఒప్పందంలో చేరని ఫ్రాన్సిస్ ఓనా వర్గం పంగునా ప్రాంతంలోకి వీరిని రానివ్వలేదు. అయినా 2001లో శాంతి ఒప్పందం కుదిరింది. 2019 ప్రజాభిప్రాయ సేకరణ ప్రశాంతంగా ముగిసింది. దాదాపు 98 శాతం స్వాతంత్ర్యాన్నే కోరారు.

ఇదంతా చదువుతుంటే మన చర్చలే గుర్తుకొచ్చాయి. ఎస్.ఆర్. శంకరన్ గారి వంటి పెద్దల కృషితో 2004 అక్టోబరులో హైదరాబాదులో ప్రభుత్వమూ నక్సలైట్లూ ఎదురెదురుగా కూర్చున్నారు. 2005 జనవరికల్లా అంతా తెగిపోయింది. మాట తప్పింది ఎదుటివారేనని ఇరువర్గాలూ అన్నాయి. చర్చలకు పెద్దలు దొరికారు గానీ, పల్లెల్లో తిరిగి, జరిగినది జరిగినట్లు ఇద్దరికీ నమ్మకం కలిగేలా చెప్పగల మనుషులను మనం సమకూర్చుకోలేదు.

ఇకముందు ఎక్కడ సంధి రాసుకున్నా, ఆ పసుపు చొక్కాల ఖర్చు కూడా అందులోనే రాసుకోవాలని నా మనవి.