కొన్నది బియ్యమే.. అయినా గ్రోసరీ బోనస్ రాలేదా? కార్డు రివార్డుల వెనక నాలుగంకెల కోడ్ కథ ఇదీ!

ఒకే కార్డు. ఒకే బ్రాండ్ సోనా మసూరి బియ్యం బస్తా. ఒక షాపులో కొంటే కిరాణా బోనస్ పాయింట్లు పడతాయి. పక్క వీధి షాపులో కొంటే మామూలు పాయింట్లే! క్రెడిట్ కార్డు వాడే చాలామందికి ఇది ఎదురయ్యే అనుభవమే. బ్యాంకు తప్పు చేసిందనుకుని కస్టమర్ కేర్‌కు ఫోన్ చేస్తే "ఆ షాపు గ్రోసరీ కేటగిరీలోకి రాదు సార్" అనే సమాధానం వస్తుంది. కళ్ల ముందు బియ్యం, కందిపప్పు, నూనె ప్యాకెట్లు కనిపిస్తుంటే కిరాణా కాదంటారేంటి?

అసలు విషయం ఏంటంటే.. మీ సంచిలో ఏముందో బ్యాంకుకు తెలీదు. బ్యాంకు చూసేది ఆ షాపుకు ఉన్న నాలుగంకెల కోడ్‌నే. దాని పేరు మర్చంట్ కేటగిరీ కోడ్.. పొట్టిగా ఎంసీసీ.

అసలేంటీ ఎంసీసీ?

కార్డు తీసుకునే ప్రతి వ్యాపారానికీ ఒక నాలుగంకెల నంబర్ ఉంటుంది. దీనికి అంతర్జాతీయ ప్రమాణం కూడా ఉంది.. ఐఎస్‌ఓ 18245. వీసా, మాస్టర్‌కార్డ్, అమెక్స్, రూపే.. నెట్‌వర్క్ ఏదైనా ఇదే తరహా కోడ్‌లతో పనిచేస్తుంది.

5411 అంటే కిరాణా దుకాణాలు, సూపర్‌మార్కెట్లు. 5499 అంటే ఇతర ఆహార దుకాణాలు. పాల ఉత్పత్తుల షాపులకు 5451, బేకరీలకు 5462. 5311 డిపార్ట్‌మెంట్ స్టోర్లది, 5310 డిస్కౌంట్ స్టోర్లది, 5300 హోల్‌సేల్ క్లబ్బులది. హోటల్, రెస్టారెంట్ అయితే 5812. మందుల షాపు అయితే 5912.

మీరు కార్డు స్వైప్ చేసినప్పుడు బ్యాంకుకు సాధారణంగా వెళ్లేవి మొత్తం ఎంత, షాపు పేరు, ఊరు, ఈ కోడ్. బిల్లులోని వస్తువుల జాబితా వెళ్లదు. అందుకే సూపర్‌మార్కెట్‌లో కుక్కర్ కొన్నా, షాంపూ కొన్నా గ్రోసరీ లెక్కలోనే పడిపోతుంది. డిపార్ట్‌మెంట్ స్టోర్‌గా నమోదైన చోట బియ్యం కొన్నా గ్రోసరీ కాదు. వస్తువు కాదు, షాపే లెక్క!

ఈ కోడ్ ఎవరిస్తారు?

మీ కార్డు ఇచ్చిన బ్యాంకు కాదు. షాపుకు స్వైపింగ్ మెషీన్ ఇచ్చిన బ్యాంకు లేదా పేమెంట్ కంపెనీ ఇస్తుంది. మెషీన్ తీసుకునే రోజు 'ప్రధాన వ్యాపారం ఏంటి' అని అడిగి, దాన్నిబట్టి కోడ్ పెడతారు. చిక్కు ఇక్కడే మొదలవుతుంది.

ఒక షాపులో ముందు స్వీట్లు, లోపల కిరాణా సరుకులు, పక్కన టిఫిన్ కౌంటర్ ఉందనుకోండి. దాని ప్రధాన వ్యాపారం ఏంటి? యజమాని ఏది చెబితే అది, మెషీన్ ఇచ్చినవాళ్లు ఏది రాస్తే అది. నాలుగేళ్ల తర్వాత టిఫిన్లు తీసేసి మొత్తం కిరాణా చేసినా పాత కోడ్ అలాగే ఉండిపోవచ్చు. కోడ్ ఏదైనా షాపులో అమ్మకం ఆగదు కాబట్టి దాన్ని సరిచేయించుకోవాలన్న తొందర యజమానికి ఉండదు.

అమెరికాలో పెద్ద లెక్కే

గ్రోసరీ బోనస్‌ల పోటీ బాగా కనిపించేది అమెరికాలో. అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఇది నేరుగా ఇంటి బడ్జెట్ విషయం. అమెక్స్ బ్లూ క్యాష్ ప్రిఫర్డ్ కార్డునే తీసుకుందాం. అమెరికా సూపర్‌మార్కెట్లలో ఏడాదికి 6,000 డాలర్ల వరకు 6 శాతం క్యాష్‌బ్యాక్, ఆ తర్వాత 1 శాతం. రెండో ఏడాది నుంచి వార్షిక ఫీజు 95 డాలర్లు. అదే కంపెనీ బ్లూ క్యాష్ ఎవ్రీడే కార్డుకు ఫీజు లేదు. దానికి సూపర్‌మార్కెట్లలో అంతే పరిమితితో 3 శాతం.

వినగానే 6 శాతమే మేలనిపిస్తుంది. కానీ నిబంధనల్లో ఓ మెలిక ఉంది. సూపర్‌స్టోర్లు, వేర్‌హౌస్ క్లబ్బులు, కన్వీనియన్స్ స్టోర్లు సూపర్‌మార్కెట్ కిందికి రావు. అంటే వాల్‌మార్ట్, టార్గెట్ లాంటివి ఈ బోనస్‌కు బయటే. చేజ్ బ్యాంకైతే కొన్ని కార్డుల గ్రోసరీ ఆఫర్లలో వాల్‌మార్ట్, టార్గెట్ వర్తించవని పేర్లతో సహా చెప్పేస్తుంది. ఇక కాస్ట్‌కో విషయానికొస్తే.. అమెరికాలోని ఆ స్టోర్లలో 2016 నుంచి వీసా క్రెడిట్ కార్డులే తీసుకుంటున్నారు. అమెక్స్ కార్డు అక్కడ పనికే రాదు.

ఇప్పుడు లెక్క చూద్దాం. ఓ కుటుంబం నెలకు 500 డాలర్ల సరుకులు కొంటుందనుకుందాం. ఏడాదికి 6,000.

మొత్తం సూపర్‌మార్కెట్‌లోనే కొంటే: 6 శాతం కార్డుతో 360 డాలర్లు వస్తాయి. ఫీజు పోగా 265 మిగులుతాయి. 3 శాతం కార్డుతో 180. మొదటి కార్డే మేలు.

సూపర్‌మార్కెట్‌లో 200, వాల్‌మార్ట్ స్టోర్‌కు వెళ్లి 300 ఖర్చు పెడితే: 6 శాతం కార్డుతో 144, వాల్‌మార్ట్ ఖర్చుపై 1 శాతం చొప్పున 36.. కలిపి 180. ఫీజు తీసేస్తే 85 డాలర్లే. ఫీజు లేని కార్డుతో 72, 36 కలిపి 108. అంటే 'తక్కువ శాతం' కార్డే గెలిచింది!

ఈ రెండు కార్డుల మధ్య 95 డాలర్ల ఫీజు గిట్టాలంటే బోనస్ వర్తించే సూపర్‌మార్కెట్లలోనే నెలకు దాదాపు 264 డాలర్లు ఖర్చు చేయాలి. ప్రకటనలో కనిపించే శాతం కన్నా మీరు వెళ్లే షాపు ఏ కోడ్‌లో ఉందన్నదే ముఖ్యం.

మరి ఇండియన్ స్టోర్ల సంగతి? అక్కడి మన షాపులు చాలావరకు సొంతంగా నడిపేవే. కొన్ని 5411లో ఉండొచ్చు, కొన్ని 5499లో ఉండొచ్చు. చాట్ కౌంటర్, బిర్యానీ పాయింట్ కలిసి ఉంటే రెస్టారెంట్‌గా కూడా నమోదై ఉండొచ్చు. ఒకే బోర్డుతో రెండు బ్రాంచీలున్నా రెండింటికీ ఒకే కోడ్ ఉంటుందన్న హామీ లేదు.

పెద్ద స్టోర్లను ఎందుకు పక్కన పెట్టారు?

కారణం డబ్బే. కార్డుతో కొన్న ప్రతిసారీ షాపు కొంత ఫీజు కడుతుంది. అందులో ఎక్కువ భాగం కార్డు ఇచ్చిన బ్యాంకుకు వెళ్తుంది. దీన్నే ఇంటర్‌చేంజ్ అంటారు. రివార్డులకు ప్రధాన వనరు ఇదే. కిరాణా వ్యాపారంలో లాభం తక్కువ కాబట్టి సూపర్‌మార్కెట్లకు ఈ ఫీజు కూడా తక్కువగానే ఉంటుంది. అలాంటి చోట 6 శాతం ఇవ్వడమంటే బ్యాంకు చేతి నుంచి పెట్టుకోవడమే. రోజూ వాడే కార్డు తమదే అవ్వాలని ఆ ఖర్చుకు సిద్ధపడుతుంది. అందుకే 6,000 డాలర్ల పరిమితి, వార్షిక ఫీజు.

సూపర్‌స్టోర్‌లో సరుకులతో పాటు టీవీ, టైర్లు, బట్టలు కూడా దొరుకుతాయి. బిల్లులో ఏముందో బ్యాంకుకు కనిపించదు. అక్కడ బోనస్ ఇస్తే టీవీకి కూడా 6 శాతం ఇచ్చుకోవాలి. అందుకే మొత్తం షాపునే తీసేస్తారు. బ్యాంకు కోణంలో సబబే. కానీ సరుకులన్నీ అక్కడే కొనే మధ్యతరగతి ఇంటికి మాత్రం ఆ బోనస్ అందదు.

మన దగ్గర ఇదే కోడ్.. రెండు వైపులా పదును!

తెలుగు రాష్ట్రాల్లో వాడే కార్డులకూ ఇదే పద్ధతి. ఎస్‌బీఐ సింప్లీసేవ్ కార్డు చూడండి. డైనింగ్, సినిమాలు, డిపార్ట్‌మెంటల్ స్టోర్లు, గ్రోసరీపై ప్రతి 150 రూపాయలకు 10 పాయింట్లు. మిగతా ఖర్చులకు ఒక్క పాయింటే. 4 పాయింట్లంటే ఒక రూపాయి. నెలకు 9,000 సరుకులు కొంటే బోనస్ కోడ్ ఉన్న షాపులో 600 పాయింట్లు, అంటే 150 రూపాయలు. కోడ్ వేరైతే 60 పాయింట్లు, అంటే 15 రూపాయలు. ఏడాదికి 1,800 ఎక్కడ, 180 ఎక్కడ?

హెచ్‌డీఎఫ్‌సీ బ్యాంక్ ఇదే కోడ్‌ను ఇంకోలా వాడింది. 2023 జనవరి 1 నుంచి గ్రోసరీ ఖర్చుపై వచ్చే పాయింట్లను కార్డును బట్టి నెలకు 1,000 లేదా 2,000కు పరిమితం చేసింది. అదే సమయంలో అద్దె చెల్లింపులకు పాయింట్లు ఆపేసింది. అంటే షాపుకు గ్రోసరీ కోడ్ ఉంటే ఒక కార్డుకు లాభం, ఇంకో కార్డుకు పరిమితి! మామూలు ఇంటి ఖర్చుకు ఈ పరిమితి తగలకపోవచ్చు. పెళ్లికో, గృహప్రవేశానికో ఒకేసారి పెద్ద మొత్తంలో సరుకులు తెచ్చేవాళ్లు మాత్రం చూసుకోవాలి.

వీధి చివర కిరాణా కొట్టు పరిస్థితేంటి?

రూపే క్రెడిట్ కార్డును యూపీఐకి లింక్ చేసే సౌకర్యం 2022 సెప్టెంబర్‌లో మొదలైంది. దాంతో చిన్న కొట్టులో కూడా క్రెడిట్ కార్డుతో చెల్లించొచ్చు. కానీ ఓ షరతు.. అక్కడ ఉండాల్సింది వ్యాపార క్యూఆర్. చాలా చిన్న షాపుల్లో యజమాని సొంత ఖాతా క్యూఆరే అతికించి ఉంటుంది. అది వ్యక్తికి పంపినట్టే లెక్క కాబట్టి క్రెడిట్ కార్డు పనిచేయదు.

పైగా చిన్న వ్యాపారుల దగ్గర 2,000 రూపాయల వరకు ఇలాంటి చెల్లింపులపై షాపు నుంచి ఫీజు తీసుకోరు. కొట్టు నడిపేవాళ్లకు ఇది మంచిదే. బ్యాంకుకు ఆదాయం లేని చోట మాత్రం బోనస్ కూడా పలచబడుతుంది. కొన్ని కార్డులు యూపీఐ ఖర్చుకు తక్కువ పాయింట్లు ఇవ్వడం అందుకే.

షాపు కట్టే ఫీజులోనూ ఈ వర్గీకరణ కనిపిస్తుంది. 2023 ఏప్రిల్ 1 నుంచి వాలెట్‌తో యూపీఐ క్యూఆర్‌కు 2,000 దాటి చెల్లిస్తే ఇంటర్‌చేంజ్ గరిష్ఠంగా 1.1 శాతం అన్నారు. సూపర్‌మార్కెట్లకు అది 0.9 శాతం, పెట్రోల్ బంకులకు 0.5 శాతం. ఈ ఫీజు కస్టమర్ కట్టేది కాదు. కానీ ఏ కోడ్‌లో ఉన్నామన్నది వ్యాపారికీ డబ్బు లెక్కేనని దీన్నిబట్టి అర్థమవుతుంది.

నష్టం మాత్రం కస్టమర్‌కే!

ఇక్కడే అసలు ప్రశ్న. కోడ్ పెట్టేది ఒకరు. దాన్ని చూసి పాయింట్లు లెక్కేసేది ఇంకొకరు. తప్పుంటే నష్టపోయేది మాత్రం ఆ రెండు పనుల్లోనూ లేని కస్టమర్. షాపు బోర్డు మీద కోడ్ ఉండదు. బిల్లు మీద కనిపించదు. ప్రకటనలో '10 రెట్ల పాయింట్లు' పెద్ద అక్షరాల్లో ఉంటుంది. 'కేటగిరీ కోడ్ ప్రకారమే' అన్న మాట అడుగున చిన్న అక్షరాల్లో ఉంటుంది. ప్రతి లావాదేవీ పక్కన దాని కేటగిరీ, పడిన పాయింట్లు యాప్‌లో చూపించడం బ్యాంకులకు పెద్ద పని కాదు. ఆ సమాచారం వాళ్ల దగ్గర ఉన్నదే. కోడ్‌ను చూసి బోనస్ కోస్తున్నప్పుడు ఆ కోడ్ ఏంటో చెప్పడం కనీస ధర్మం.

మరి ఏం చేయాలి?

ఒకటి.. కొత్త షాపులో పెద్ద బిల్లు చేసే ముందు చిన్న మొత్తంతో ఒకసారి కొని చూడండి. పడిన పాయింట్లను బట్టి కేటగిరీ తెలిసిపోతుంది.

రెండు.. తేడా వస్తే బ్యాంకుకు ఫోన్‌తో ఆపేయకుండా మెయిల్ రాయండి. ఆ లావాదేవీ ఎంసీసీ ఏంటో అడగండి. షాపు యజమానికి కూడా చెప్పండి. కోడ్ మార్పించుకోగలిగేది ఆయనే.

మూడు.. యాప్‌లో సరుకులు ఆర్డర్ చేస్తే లెక్కలోకి వచ్చేది ఆ యాప్‌కున్న కోడ్. వాలెట్‌లో డబ్బు వేసుకుని కొంటే అది వాలెట్ లోడ్ కింద పోవచ్చు, సరుకుల బోనస్ రాకపోవచ్చు.

నాలుగు.. కార్డు తీసుకునే ముందు మీరు నెలనెలా నిజంగా వెళ్లే రెండు మూడు షాపుల పేర్లు రాసుకోండి. ఆఫర్ శాతాన్ని ఆ షాపులకే వేసి చూడండి. వార్షిక ఫీజు తీసేయండి. మిగిలేదే మీ అసలు లాభం. రివార్డు నిబంధనలు బ్యాంకులు తరచూ మారుస్తుంటాయి కాబట్టి ఏడాదికోసారైనా ఈ లెక్క మళ్లీ చూసుకోండి.

చివరిగా ఒక మాట. మన దగ్గర క్రెడిట్ కార్డు బకాయిపై చాలా బ్యాంకులు నెలకు 3.5 శాతం చుట్టూ వడ్డీ వేస్తున్నాయి. 9,000 రూపాయల సరుకుల బిల్లు ఒక్క నెల కట్టకుండా వదిలేస్తే వడ్డీయే దాదాపు 315 రూపాయలు, దానిపై జీఎస్టీ అదనం. అదే బిల్లుకు వచ్చే బోనస్ 150. పాయింట్ల కోసం షాపు కోడ్ వెతికే ముందు గడువులోగా బిల్లు పూర్తిగా కడుతున్నామా లేదా చూసుకోవాలి.