ఘడాకు పసీనా ఎందుకు పడుతుంది?

మొన్న ఆదివారం మా చిన్న బేటీ సైన్స్ నోట్సు తిరగేస్తూ కూర్చున్నాను. ఎనిమిదో తరగతి, ఇంగ్లిష్ మీడియం. ఒక సవాల్ కనిపించింది: మట్టి కుండలో నీళ్లు చల్లగా ఎందుకుంటాయి? కింద జవాబు: ఎవాపరేషన్ వల్ల. పక్కన ఎర్ర సిరా టిక్కు, రెండు మార్కులు.

"ఎవాపరేషన్ అంటే ఏంది బేటా?"

"నీళ్లు ఆవిరి కావడం అబ్బూ."

"ఆవిరైతే నీళ్లు తగ్గాలి గదా. చల్లబడుడెందుకు?"

పిల్ల నా మొహం వైపు చూసింది. "అది సిలబస్‌లో లేదు" అంది.

ముందు నవ్వొచ్చింది. తర్వాత సిగ్గేసింది. ఎందుకంటే నేను చదివిన ఉర్దూ మీడియం స్కూల్లో కూడా ఇదే సవాల్ ఉండేది, జవాబు 'తబ్ఖీర్'. సార్ బోర్డు మీద రాసేవారు, మేం దిల్ లగాకె బట్టీ కొట్టేవాళ్లం. ఆ తర్వాత తెలుగులో డిగ్రీ చేశాను, పేపర్లో నౌకరీకి చేరాను, అక్కడ అదే మాట 'బాష్పీభవనం' అయి ఎదురొచ్చింది. ఇప్పుడు బిడ్డ దగ్గర ఎవాపరేషన్. మూడు జబానుల్లో మూడు లఫ్జులు నేర్చాం గానీ ఘడా ఎందుకు చల్లబడుతుందో మా ఇంట్లో ఎవరూ ఎవరికీ చెప్పుకోలేదు.

లఫ్జుల మీద నాకు కోపం లేదు. 1917లో హైదరాబాద్‌లో దారుల్ తర్జుమా పెట్టి, మరుసటేడు ఉస్మానియా యూనివర్సిటీ మొదలుపెట్టి, ఫిజిక్సూ కెమిస్ట్రీ డాక్టరీ అన్నీ ఉర్దూలో చెప్పడానికి వేల మాటలు తయారు చేసిన శహర్ మాది. ఆ మెహనత్‌ని తలుచుకుంటే ఇప్పటికీ ఫఖర్ కలుగుతుంది. మగర్ ఆ మాటలు కూర్చినవాళ్లు, వాటి వెనక ఉన్న సంగతి మనకు అందాలని కూర్చారు. మనం పేరు చెప్పేసి సంగతిని వదిలేశాం.

ఇక్కడ ఒక చిన్న మాట. ఉర్దూలో సవాల్ అంటే ప్రశ్న. అదే మాట తెలుగులోకి వచ్చి తొడ కొట్టి పిలవడం అయింది. జవాబు మాత్రం జవాబుగానే ఉండిపోయింది. ఎప్పుడు, ఎందుకు మారిందో గానీ, క్లాసులో లేచి 'ఎందుకు సార్?' అన్న పిల్లాడి వైపు కొందరు సార్లు చూసే చూపు గుర్తొస్తే తెలుగు అర్థమే కరెక్టేమో అనిపిస్తుంది.

మా అమ్మీ చదువుకోలేదు. వరండాలో ఇసుక మీద పెద్ద రంజన్, దాని పక్కన సురాహి ఉండేవి. చిన్నప్పుడు ఇదే సవాల్ ఆమెను అడిగితే, "ఘడే కూ పసీనా ఆతా బేటా, ఇస్ వాస్తే ఠండా" అంది. ఘడాకు చెమట పడుతుంది, అందుకని చల్లగా ఉంటుంది. నాకు దొరికిన జవాబుల్లో ఇప్పటికీ అదే అసలైనది. ఎందుకో చెబుతాను.

మట్టి ఘడా గోడ నిండా కంటికి కనబడని సన్నటి రంధ్రాలు. లోపలి నీరు వాటిగుండా మెల్లగా పైకి ఊరుతుంది, అక్కడ గాలికి ఆరుతుంది. ఆరడమంటే ఏమిటి? నీటిలో కణాలన్నీ ఒకే జోరులో ఉండవు. ఒక మెహఫిల్ అనుకోండి. కొందరు మెల్లగా మాట్లాడతారు, కొందరు గొంతు చించుకుంటారు. అరిచేవాళ్లే ముందు లేచి బయటికి వెళ్లిపోతే గదిలో మిగిలిన సందడి తగ్గిపోతుంది. నీటి పైభాగం నుంచి అట్లా ఎగిరిపోయేవి ఎక్కువ జోరుగా ఉన్న కణాలే. వేడి అనేది ఆ జోరే కాబట్టి మిగిలిన నీరు చల్లబడుతుంది.

ఎంత నీరు పోవాలి? ఒక గ్రాము నీరు ఆరితే దాదాపు 580 కేలరీల వేడి పట్టుకుపోతుంది. అంటే పది లీటర్ల ఘడా పది డిగ్రీలు చల్లబడడానికి లెక్క ప్రకారం 170 గ్రాములు చాలు, ఒక చిన్న గ్లాసెడు. బయటి వేడి లోపలికి వస్తూనే ఉంటుంది గనుక నిజానికి ఇంకొంచెం ఎక్కువే పోతుంది. పాత ఘడా ఎందుకు పని చేయదు? నీటిలోని ఉప్పు, సున్నం ఆ రంధ్రాల్లో పేరుకుని మూసేస్తాయి. ఈ మధ్య బజార్లో పువ్వులూ నెమళ్లూ వేసి ఆయిల్ పెయింట్ కొట్టిన ఘడాలు అమ్ముతున్నారు. చూడ్డానికి ఖూబ్‌సూరత్. రంధ్రాలన్నీ రంగు కింద బంద్.

ఇంతవరకు బాగానే ఉంది. నా గల్తీ ఇక్కడినుంచి మొదలవుతుంది.

పదిహేనేళ్ల కింద ఒక తెలుగు పేపర్ డెస్కులో ఉన్నప్పుడు, పిల్లల ప్రశ్నలకు జవాబులిచ్చే చిన్న డబ్బా నా నెత్తిన పడింది. ఆదివారం పేజీలో యాడ్ రాక ఖాళీ మిగిలితే నింపే సరుకు అది. యాడ్ వస్తే డబ్బా మాయం. కుండ సవాల్ అందులోకీ వచ్చింది. 'కుండ పైభాగంలో నీరు బాష్పీభవనం చెందడం వల్ల' అని నాలుగు లైన్లు రాసి పారేశాను. పది రోజులకు కృష్ణా జిల్లా నుంచి ఒక కార్డు వచ్చింది. "అయ్యా, మా ఊళ్లో కూజా మే నెలలో కూడా చల్లబడదు. మీ బాష్పీభవనం హైదరాబాదులోనే జరుగుతుందా?"

(కూజా అచ్చ తెలుగు మాట అని ఆయన అనుకుని ఉంటారు. ఫార్సీ కూజా అది. ఖైర్.)

డెస్కులో అందరం చదివి నవ్వుకున్నాం. నేను జవాబు రాయలేదు. రాయలేదంటే తెలియలేదు అని అర్థం.

జవాబు ఆ మెహఫిల్ తలుపు దగ్గరే ఉంది. బయట గాలిలో ముందే నీటి ఆవిరి నిండి ఉంటే, బయటికి పోయిన కణాలు ఎన్నో, గాలి నుంచి తిరిగి లోపలికి వచ్చేవీ దాదాపు అన్ని. సందడి తగ్గదు. సముద్రం పక్క గాలి అట్లాంటిది. లెక్క వేసి చూద్దాం. 40 డిగ్రీల ఎండలో గాలి తేమ 20 శాతం ఉందనుకోండి, ఘడా మహా అయితే 23 డిగ్రీల దాకా దిగగలదు. అదే 36 డిగ్రీలు, తేమ 65 శాతం ఉన్న చోట ఎంత మంచి ఘడా అయినా 30 దగ్గర ఆగిపోతుంది. థర్మామీటర్ బల్బుకు తడి గుడ్డ చుట్టి ఫ్యాన్ గాలికి పెడితే అది చూపించే అంకె ఇదే. వాతావరణ కేంద్రాల్లో రోజూ కొలుస్తారు. పేపర్లో మాత్రం వేయం.

ఇంట్లో కూలర్ ఉన్నవాళ్లకు ఇది బాగా పనికొచ్చే సంగతి. కిటికీలన్నీ బంద్ చేసి గది మధ్యలో కూలర్ పెట్టుకునే వాళ్లు మా బస్తీలో సగం మంది. గంటలో గది గాలి తేమతో నిండి బందరు అయిపోతుంది. కూలర్ వీపు బయటికి ఉండాలి, ఎదురుగా ఇంకో కిటికీ తెరిచి ఉండాలి.

ఇక ఇఫ్తార్ దస్తర్‌ఖాన్ మీద ఐసు వేసిన రూహ్ అఫ్జా గ్లాసు సంగతి. దానికీ చెమట పడుతుంది. మా బేటీ "ఇదీ ఘడా లాంటిదేనా?" అంది. పూరా ఉల్టా. స్టీలుకు రంధ్రాలు లేవు. గాలిలోని ఆవిరి ఆ చల్లటి గోడకు తగిలి నీళ్లయి కూర్చుంటుంది. నమ్మకపోతే వేలితో తుడిచి చూడండి, షర్బత్ ఎర్రగా ఉన్నా బయటి చుక్క తెల్లగా ఉంటుంది. నాలుకకు రాసుకుంటే తీపి ఉండదు. తేమ ఎక్కువున్న ఊళ్లో గ్లాసుకు చెమట ఎక్కువ, అదే ఊళ్లో ఘడాకు చల్లదనం తక్కువ.

ఇదంతా తెలియకపోతే ఏం పోయింది అంటారేమో. మా ఖాలూ సంగతి చెప్పాలి.

ఖాలూ బందరులో టైలర్. రేకుల షెడ్డు, రెండు మిషన్లు, ఒక టేబుల్ ఫ్యాన్. ప్రతి ఎండాకాలం ఫోన్లో మాకూ ఆయనకూ ఒకే మజాక్. "క్యా ఖాలూ, ఎండెట్లుంది?" "ముప్పై ఏడే బేటా. మీ హైదరాబాద్‌ది నలభై మూడంట గదా, మీరెట్ల బతుకుతున్నార్రా!" ఆయన నవ్వేవారు, మేం నవ్వేవాళ్లం. పేపర్లో ప్రతి ఊరికీ ఒక అంకె వేస్తాం, పెద్ద అంకె ఉన్న ఊరికి హెడ్డింగు పెడతాం. ఆ అంకెలు రాసింది కొన్నేళ్లు నేనే.

కొన్నేళ్ల కింద జూన్ మొదటివారం, వాన ఇంకా పడలేదు. మధ్యాహ్నం మిషన్ మీదే ఖాలూ పడిపోయారు. చొక్కా పిండితే నీళ్లు కారేంత తడి, ఒళ్లు మాత్రం నిప్పు. ఖాలా తడి దుప్పటి కప్పి, రిక్షాలో ఆస్పత్రికి తీసుకెళ్లింది. బతికారు. మగర్ ఇప్పటికీ మాట తడబడుతుంది, సూదిలో దారం ఎక్కించలేరు. నలభై ఏళ్లు అదే పని చేసిన చేతులు. ఆ రోజు బందరుకు పేపర్లో వేసిన అంకె 37. ఆ పేజీలో పెద్ద వార్త ఇంకేదో ఊరిది.

మనిషి ఒళ్లు కూడా ఘడానే. చెమట కారితే చల్లబడం, ఆరితేనే చల్లబడతాం. ఆరని గాలిలో చెమట ఉత్తగా కారిపోతుంది, ఒంట్లో నీరూ ఉప్పూ పోతాయి, వేడి మాత్రం లోపలే ఉండిపోతుంది. తడి గుడ్డ చుట్టిన థర్మామీటర్ 35 డిగ్రీల దగ్గరికి వస్తే, ఆరోగ్యవంతుడు నీడలో కూర్చున్నా ఒళ్లు వేడిని వదల్లేదు. రేకుల కింద కాలితో మిషన్ తొక్కే ముసలాయనకు ముప్పు అంతకంటే చాలా ముందే మొదలవుతుంది. మా తెలంగాణ పొడి ఎండ ఇంకో రకం దగాకోరు. చెమట పట్టింది పట్టినట్టే ఆరిపోతుంది, తడి కనబడదు, పసీనా లేదు కదా అని మనిషి నీళ్లు తాగడు. 2015 మే నెలలో దేశంలో వడగాలులకు రెండు వేల మందికి పైగా పోయారు. వాళ్లలో ఎక్కువమంది ఆంధ్ర, తెలంగాణ వాళ్లే. జేబులో ఉల్లిగడ్డ పెట్టుకుని పనికి పోయినవాళ్లు వాళ్లలో ఎందరో.

వాతావరణ శాఖకు ఈ సంగతి తెలుసు. మైదానంలో కనీసం 40 డిగ్రీలు ఉంటే గానీ వడగాలుల లెక్క మొదలుపెట్టరు. సముద్రతీరంలో 37కే మొదలుపెడతారు. ఆ మూడు డిగ్రీల ఫరక్ ఎందుకో ఖాలూకు తెలిసి ఉంటే ఆ మధ్యాహ్నం షెడ్డు మూసేవారా? చెప్పలేను, పెళ్లిళ్ల సీజన్ అది. తెలియజేయాల్సిన పని మాత్రం నాది. బందరు పక్కనుంచే ఒక మనిషి కార్డు రాసి అడిగాడు కూడా.

అందుకే ఇట్లాంటి సవాళ్లను పిల్లల పేజీలో ఖాళీ నింపే సరుకుగా చూస్తే నాకు గుస్సా వస్తుంది. ఆకాశం నీలంగా ఎందుకుంది, ఈద్ చాంద్ అంత సన్నగా ఎందుకుంది, కుండ ఎందుకు చల్లబడుతుంది అని అడిగినవాడికి పేరు చెప్పి పంపేయడం తలుపు మొహం మీద వేయడమే. జవాబు ఇంట్లో పరీక్షించి చూసుకునేట్టు ఉండాలి. 'మా ఊళ్లో అట్లా లేదే' అని ఎవరైనా అంటే, ఆ మాటనే తర్వాతి వారం మొదటి లైనుగా వేయాలి. పేపర్ మిత్రులకు ఇంకో గుజారిష్: ఊరి అంకె పక్కన తేమ శాతం కూడా వేయండి. అర అంగుళం జాగా కూడా పట్టదు.

ఇక మా ఇంటి తజుర్బా. బేటీ, నేను మిద్దె మీద నీడలో మూడు పాత్రలు పెట్టాం. ఒకటి సాదా ఘడా, ఒకటి నెమలి బొమ్మల ఘడా, ఒకటి స్టీలు బిందె. పొద్దున ఒకే నల్లా నీళ్లు పోశాం. సాయంత్రం నాలుగింటికి గాలి 38. స్టీలు 35, నెమలి 32, సాదా 26. పిల్ల నోట్సులో ఆ జవాబు కింద ఈ మూడు అంకెలు రాసుకుంది. మా ఆవిడ మాత్రం నెమలి ఘడా వైపు చూసి, మూడు వందలు పోసి తెచ్చింది నువ్వే కదా అంది.

రాత్రి ఖాలూకు ఫోన్ చేసి అంకెలు చదివి వినిపించాను. ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. మాట కూడదీసుకుని మెల్లగా అడిగారు: "అక్కడ... తేమ ఎంతుంది బేటా?"

చూసి చెబుతానన్నాను.