ఇంటి చిందరవందరకు దిక్కులపై నేరమేల?

మన తెలుగువారి ఇండ్లలో ఈ నడుమ ఒక క్రొత్త వేలంవెఱ్ఱి ప్రబలినది. ఇల్లు చిందరవందరగా నున్నచో దానికి కారణము వాకిలి నిలిచిన దిక్కనియు, ఈశాన్యమున మోపిన బరువనియు వాస్తు చెప్పువారు మొదటినుండి చెప్పుచునే యున్నారు. ఇప్పుడు వారికి తోడుగా చీనాదేశపు ఫెంగ్ షుయి వచ్చి చేరినది. గాలిగంటలు, మూడుకాళ్ల కప్ప, ఎఱ్ఱదారము కట్టిన నాణెములు, నవ్వు బుద్ధుడు మొదలగునవి బెంగళూరు అంగళ్లు దాటి, మాలూరు దాటి, మా లక్కూరు వంటి పల్లెల గూళ్లలోనికి కూడ ఎక్కినవి. ఏ పనియందును మనస్సు నిలువని పిల్లలకును, పెద్దలకును ఇదియే మందని చెప్పువారును బయలుదేరినారు. ఈ మాటను మేము ఖండింపదలచినాము. సొమ్ము పోవుట యొక్కటే అయినచో ఊరకుండెడివారము. కాని ఇందువలన నిరపరాధులు మాటపడుచున్నారు.

మొదట ఆ మనస్సు నిలువకపోవుట యననేమో తెలిసికొందము. వైద్యులు దీనిని ఏడీహెచ్‌డీ యందురు. తెలుగులో అవధాన లోపము, అతిచాంచల్యము అనవచ్చును. ఇది నిన్న పుట్టిన మాట కాదు. 1902లో లండనులో జార్జ్ స్టిల్ అను పిల్లల వైద్యుడు, తెలివికి లోటు లేకున్నను తమ్ము తాము అదుపులో నుంచుకొనజాలని బాలురను గూర్చి ఉపన్యాసము లిచ్చినాడు. 1980లో అమెరికా మనోవైద్యుల గ్రంథము దీనికి అవధాన లోపమని పేరు పెట్టగా, 1987లో నేటి పేరు స్థిరపడినది. ఇది వంశమున దిగివచ్చుట మిక్కిలి కలదు. చాలమందికి పెద్దయైన పిదపను విడువదు. ఆడపిల్లలలో గంతులు తక్కువగా నుండి పరాకు ఎక్కువగా నుండుటచేత, పెక్కుమందికి అది ఉన్నదన్న సంగతియే ఇంటివారికి తెలియదు.

ఇట్టివారి ఇల్లు ఎట్లుండునో చూడుడు. బట్టలు మడచుటకు కూర్చుందురు. నడుమ ఒక పాత ఉత్తరము కనబడును. దానిని చదువుచు లేతురు. పొయ్యిమీది పాలు పొంగిన పిదప బట్టలసంగతి మఱచిపోవుదురు. పెట్టెలో పెట్టి మూతవేసిన వస్తువు వారి మనస్సునకు లేనట్లే. అందుచేత అన్నియు కంటికెదురుగా నుంచుకొందురు. అవి నాలుగు దినములలో గుట్టయగును. ఇది చూచి అత్తగారు "ఇంట జ్యేష్ఠాదేవి కాపురమున్నది" అని కోడలిని దెప్పును. తండ్రి కుఱ్ఱవానిని సోమరియని కొట్టును. ఆ కుఱ్ఱవాడు పుస్తకము ఎచ్చట పెట్టినాడో నిజముగనే ఎఱుగడు. అబద్ధమాడుచున్నాడని మఱి రెండు దెబ్బలు పడును.

ఇప్పుడు ఫెంగ్ షుయి మాట. ఆ రెండు పదములకు గాలి, నీరు అని అర్థము. పూర్వము చీనాదేశమున సమాధులకును, గృహములకును చోటు నిర్ణయించుటకై పుట్టిన పద్ధతి యది. ఇంటిలోని పనికిమాలిన సామాను శక్తిప్రవాహమును అడ్డగించుననుచు ఇంగ్లీషు పుస్తకములు 1990ల నాటికి దానిని లోకమంతట అమ్మినవి. వాకిలికడ సామాను పేర్చవలదు, విరిగినది దాచవలదు అను హితవులను మేము కాదనము. మన అవ్వలును అదియే చెప్పినారు. భోగిమంటకును, ఉగాదికి ముందు వేయు సున్నమునకును అర్థమదియే. కాని హితవు మంచిదైనంత మాత్రమున దానికి చెప్పిన కారణము నిజము కాదు. కారణము తప్పైనప్పుడు కీడు ఇట్లు కలుగును: గంట కట్టినారు, కప్పను పెట్టినారు, పదునైదు దినములలో ఇల్లు మరల యథాప్రకారమైనది. అప్పుడు నేరము గంటపై పడదు. "నీ చేతిలో ఏదియు నిలువదు" అని మరల ఆ కోడలిపైననే పడును. పైగా, నవ్వు బుద్ధుడనబడు ఆ చీనా సన్న్యాసి పేరు బుదాయి. గుడ్డసంచి యని దాని యర్థము. తన సొత్తంతయు ఒక సంచిలో వేసికొని తిరిగినవాని బొమ్మను కొనితెచ్చి, చోటులేని అలమారలో మఱియొక వస్తువుగా చేర్చుట ఎంత వింత!

దిక్కులే కారణమనువారు మన జిల్లాలోని కోలారు బంగారుగనుల లైన్లను ఒకమారు తలచుకొందురు గాక. 1880లో జాన్ టేలర్ అండ్ సన్స్ కంపెనీ గనులు చేపట్టిన తరువాత పనివారికై వరుసలు వరుసలుగా చిన్న ఇండ్లు లేచినవి. ఒక వరుసలో అన్నిటికి ఒకే కొలత, వాకిళ్లన్నియు ఒకే దిక్కు. అయినను ఒక ఇల్లు అద్దమువలె నుండెడిది, ప్రక్కయిల్లు కాలు పెట్ట వీలులేకుండెడిది. దిక్కు ఒక్కటియైనప్పుడు ఈ భేదమెక్కడిది? 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడినప్పుడు ఏ దిక్కు వాకిలివానికైనను పని ఒక్కనాడే పోయినది. గోడలు పగులగొట్టి వాకిళ్లు మార్చుటకు అప్పుచేయువారు ఈ సంగతి ఆలోచింపవలెను.

అవధానమను మాట తెలుగువారికి క్రొత్తది కాదు. అష్టావధానసభలో ఎనిమిదిమంది పృచ్ఛకులు ఎనిమిది వైపుల లాగుచుండగా, అప్రస్తుత ప్రసంగి అడ్డు తగులుచుండగా, అన్నిటిని ధారణయందుంచుకొని పద్యము పూర్తిచేయు పండితుని మనము చప్పట్లతో గౌరవింతుము. గౌరవింపవలసినదే. కాని ఆ శక్తి అరుదైనది గనుకనే సభ కట్టి చూచుచున్నాము. ఎనిమిది విషయములు ఒక్కసారి తలలో పట్టుకొనలేనివానికి, ఎనిమిదింటిని పట్టుకొన నక్కఱలేని ఇల్లు అమర్చి యిచ్చుట మన ధర్మము. తల మోయలేనిదానిని గోడ మోయవలెను.

ఆ అమరిక యెట్టిదో గుమాస్తా పని చేసినవారికి తెలియును. కచ్చేరీలో దస్త్రము ముగిసిననాడే, ఇది శాశ్వతముగా నుంచవలసినదా, పదేండ్లుంచవలసినదా, ఏడాదికి తీసివేయదగినదా యని వ్రాసి మఱి రికార్డుగదికి పంపుదురు. బీరువా నిండినపిదప నిర్ణయింతమని కూర్చున్నచో ఏ గుమాస్తాయు తీర్చలేడు. ఇంటి గుట్టయు అట్టిదే. అది తీర్మానము కాని కాగితముల మూట. అవధాన లోపమున్నవారికి ఈ తీర్మానమే అన్నిటికంటె కష్టము. కనుక ఏ వస్తువు ఎక్కడనో, ఎంతకాలమో ముందే తీర్మానించి పెట్టుట ఇంటివారు చేయగల సాయము.

మన పల్లెలలో పట్టుపురుగులు పెంచు కుటుంబములను చూడుడు. పంట పంటకు గది కడిగి మందునీళ్లు చల్లుదురు, తట్టలు ఎండబెట్టుదురు, వేళకు ఆకు, వేళకు శుభ్రము. అచ్చట పరాకు మనిషియు పని చేయగలుగుచున్నాడు. ఏల? పని చిన్న ముక్కలుగా నున్నది, వేళ తప్పినచో కంటికి కనబడును, ప్రక్కన మఱియొకరు అదే పనిలో నున్నారు. ఈ మూడును ఇంటికి తెచ్చుకొనుడు. తాళపుచెవికి వాకిలిప్రక్కన ఒక మేకు; బడిసంచికి ఒక కొక్కెము; మూతలేని బుట్టలు, వానిపై పెద్ద అక్షరములతో పేర్లు. ఒక్కనాడే అటకంతయు దింపవలదు. దింపినది సగములో నిలిచి మఱియొక గుట్టయగును. దినమునకు పావుగంట, ఒక్క మూల, తోడుగా ఒకరు కూర్చుండిన చాలును. ఆ తోడు ఆజ్ఞలు ఈయరాదు. ఆ మనిషి నడుగక ఏ వస్తువును పారవేయరాదు.

ఇన్ని చేసినను కష్టము తీరనిచో వైద్యుని చూడవలెను. దీనికి మందులును, శిక్షణయును కలవు. 1974లో ఏర్పడిన నిమ్హాన్స్ మన ప్రక్కనున్న బెంగళూరులోనే యున్నది. 2022లో ఆరంభమైన టెలీ మానస్ కు 14416 అంకెపై పైకము లేకుండ మాటాడవచ్చును, తెలుగునను మాటాడవచ్చును.

అయినను మనవారు పోరు. ఏల? పొరుగువారి యెదుట తలవంపు, సంబంధము తప్పిపోవునన్న భయము. పరాయిభాషవారి నడుమ నాలుగు తరములుగా స్థిరపడి, మన ఇండ్లు శుభ్రమైనవని పేరు తెచ్చుకొన్నాము. ఆ పేరుకై లోపల ఒక బిడ్డను బలి పెట్టుచున్నాము. సోదరులారా, సోదరీమణులారా! గాలిగంటకు పెట్టు రూకలను ఒక బస్సు టిక్కెట్టునకు పెట్టుడు. వాకిలి దిక్కు మార్పకుడు. దెప్పెడు నోటిని మార్చుకొనుడు. ఇంటికి లక్ష్మి వచ్చునో రాదో మేము చెప్పజాలము గాని, ఆ కోడలు కంట తడి పెట్టక అన్నము తినుట మాత్రము మీరు ఈ యేడే చూడగలరు.