నోటికాడి కూడు

మన గోడపత్రిక పోయిన సంచికలో చెట్ల గురించి రాసిండ్రు, బాగుంది. నేను పిట్టల గురించి రాస్తున్న. కాని ఇది పిట్టల వర్ణన కాదు. నేను చేసిన ఒక తప్పు గురించి, దానివల్ల నాకు వచ్చిన ఒక అభిప్రాయం గురించి.

చలికాలంల ఒక ఆదివారం పర్మిషన్ తీసుకొని మేము ముగ్గురం సింగూరు వెనక నీళ్ల దిక్కు పోయినం. నీళ్లు తగ్గి బురద తేలింది. ఆ బురదల తెల్ల కొంగలు, నారాయణపక్షులు, తెడ్డుమూతి కొంగలు మేస్తున్నయి. తెడ్డుమూతి కొంగను మీరు చూసిండ్రో లేదో. ముక్కు గరిటె లెక్క ఉంటది. దాన్ని కొంచెం తెరిచి నీళ్లల్ల ఇటు అటు ఊపుకుంట నడుస్తది. చిన్న చేప గాని, పురుగు గాని ముక్కుకు తగిలితే టక్కున మూస్తది. నారాయణపక్షి అట్ల కాదు. కట్టె పాతినట్టు నిలబడి ఉంటది. చాలాసేపు కదలదు. మనం అసెంబ్లీల అంతసేపు నిలబడలేము.

అక్కడ ఇద్దరు పట్నపోళ్లు పెద్ద కెమెరాలు పట్టుకొని ఉన్నరు. మమ్మల్ని పిలిచి, “బాబూ, ఒక గడ్డ విసరండి, అన్నీ ఒక్కసారి ఎగరాలి” అన్నరు. మనిషికి ఇరవై రూపాయలు ఇస్తమన్నరు. మేము సంతోషంగ విసిరినం. పిట్టలన్నీ లేచినయి. చప్పట్లు కొట్టినం. అవి ఒక చుట్టు తిరిగి మళ్లీ దిగినయి. మళ్లీ విసరమన్నరు. మూడుసార్లు విసిరినం. నాలుగోసారి విసరడానికి అక్కడ పిట్టలు లేవు. మేము మిర్చీలు కొనుక్కొని తిని వచ్చినం. ఆ దినం నాకు ఏ బాధా అనిపించలేదు. ఉన్న మాట రాస్తున్న.

తర్వాత కొన్ని దినాలకు గుడ్డు పెట్టే రోజున హాస్టల్ చూడడానికి ఎవరో పెద్దలు వచ్చిండ్రు. మనం పళ్లాలు పట్టుకొని కూచున్నం. నేను గుడ్డు నోటికాడికి తెచ్చిన. “ఆగు ఆగు, అట్లనే పట్టుకో” అన్నరు. పట్టుకున్న. “ఇటు చూసి నవ్వు” అన్నరు. నవ్విన. “ఇంకోసారి నోట్ల పెట్టుకుంటున్నట్టు చేయి” అన్నరు. చేసిన. పొద్దటి నుంచి ఆకలి మీద ఉన్న. అన్నం చల్లారింది. వాళ్లు చెడ్డవాళ్లు కారు, ప్రేమగనే మాట్లాడిండ్రు. కాని ఆ ముద్ద నాకు గొంతు దిగలేదు. అప్పుడు ఆ కొంగలు యాదికొచ్చినయి. నేను వాటికి చేసింది ఇదే కదా!

మా తాండాల మా యాడి ఒక మాట అంటది, తినేటోన్ని లేపొద్దు అని. యాడి, బా చెరుకు కొట్టుడుకు పోయినప్పుడు నేను కూడ చిన్నప్పుడు వాళ్లతోటి పోయిన. పొద్దుగూకి పొయ్యి కాడ రొట్టె తినేటప్పుడు మేస్త్రి పిలిస్తే రొట్టె వదిలి లేచుడు ఎట్లుంటదో నాకు ఎరుక. మీలో చాలామందికి ఎరుకే.

అయితే ఫొటోలు తీయొద్దు అని నేను అనడం లేదు. తిరిగి చెప్తున్న, తీయాలి. అందులోను పిట్ట మేసేటప్పుడు తీసిన ఫొటోకే విలువ ఎక్కువ. ఎందుకంటే పిట్ట ఏం తింటదో అందులో తెలుస్తది. ఈ సంగతి తెలుసుకోవడానికి వెనుకట పిట్టలను చంపేవాళ్లు. 1912లో మేసన్, లెఫ్రాయ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు మన దేశపు పక్షుల ఆహారం మీద పెద్ద పుస్తకం రాసిండ్రు. పిట్టల కడుపులు కోసి, లోపల గింజలు ఎన్ని, పురుగులు ఎన్ని అని లెక్క పెట్టిండ్రు. 1931-32లో సలీం అలీ గారు హైదరాబాద్ రాజ్యంల పక్షుల సర్వే చేసిండ్రు. మన ప్రాంతం కూడ అప్పుడు ఆ రాజ్యంలనే ఉండె. ఆ సర్వేల కూడ పిట్టలను తుపాకితో కొట్టి నమూనాలు తీసిండ్రు. ఆ కాలంల అదే పద్ధతి. ఇప్పుడు ముక్కుల పురుగు పట్టుకున్న పిట్టను ఒక్క ఫొటో తీస్తే చాలు, ప్రాణం తీయకుండానే సంగతి తెలుస్తది. అంటే కెమెరా తుపాకి కన్న మంచిది. కాని దాన్ని గులేరు లెక్క వాడొద్దు. నా గొడవ అంతే.

పిట్ట ఏం తింటదో తెలవకపోతే ఏమైతదో చైనా దేశం చూసింది. 1958లో అక్కడి సర్కారు పిచ్చుకలు గింజలు తింటున్నయని వాటిని చంపించింది. జనం తప్పేలలు కొట్టి, అవి ఎక్కడా వాలకుండ చేసి, అలిసి పడిపోయేదాక తరిమిండ్రు. పిచ్చుకలు పోయినంక పంట మీద పురుగు పెరిగింది. 1960లో తప్పు తెలుసుకొని పిచ్చుకను ఆ జాబితాల నుంచి తీసేసి నల్లిని చేర్చిండ్రు. మన జొన్నచేన్ల గిజిగాడు గింజ తింటది, నిజమే. కాని పిల్లలకు అది పురుగులు తెచ్చి పెడతది. ఈ సంగతి రైతుకు ఉత్త మాటతో చెప్తే నమ్మడు. ఫొటో చూపిస్తే నమ్ముతడు.

ఇక్కడ నా దోస్తు ఒక ప్రశ్న అడిగిండు. “మీ తాత మంచె మీద నిలబడి వడిసెలతో కొట్టడా? అది తప్పు కాదా?” అని. మంచి ప్రశ్న. నేను రెండు రోజులు ఆలోచించిన. తాత కొట్టేది తన గింజ కోసం. అక్కడ పిట్టకూ ఆకలి, తాతకూ ఆకలి. ఫొటో తీసేవాళ్లకు ఆకలి లేదు, మిర్చీ కోసం గడ్డ విసిరిన నాకూ ఆకలి లేదు. పిట్ట ఇంకో దగ్గరికి పోయి తింటది అని కూడ అంటరు. పోతది. కాని చాలా పిట్టలు ఎక్కువగ మేసేది పొద్దున కొంతసేపు, సాయంత్రం కొంతసేపు. తిన్నదంతా ఎగురుడుకే ఖర్చైతే మిగిలేదేంది? పట్టెతల బాతుల వంటివి హిమాలయాలు దాటి మంజీర నీళ్లకు వస్తయి. అంత దూరం వచ్చిన చుట్టాన్ని పళ్లెం ముందట నుంచి లేపుతమా?

కొందరు గడ్డ విసరరు, మేత విసురుతరు. అన్నం, మరమరాలు వేసి, పిట్ట దగ్గరికి రాంగనే ఫొటో కొడతరు. ఇది మంచి పనే అనిపిస్తది. కాని అట్ల అలవాటైన పిట్ట మనిషిని చూస్తే భయపడదు. రేపు అదే జాగల గులేరు పట్టుకొని ఇంకొకడు కూచుంటడు. మన మెస్ వెనక మెతుకులకు కాకులు, గోరువంకలు వస్తయి కదా అంటరేమో. అవి మనం పిలువకుండానే వస్తయి, మనం వాటిని మోసం చేస్తలేము.

మన జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌ల డి.డి.ఎస్. సంఘం ఆడవాళ్లు ఎప్పుడో వీడియో కెమెరా పట్టిండ్రు. బడికి పోని దళిత రైతు తల్లులు పంటల మీద, విత్తనాల మీద సినిమాలు తీసిండ్రు. వాళ్లు కెమెరా కోణాలకు సొంత పేర్లు పెట్టుకున్నరు. పైనుంచి కిందికి చూసి తీస్తే అది పటేల్ షాట్. కండ్లకు కండ్లు సమానంగ పెట్టి తీస్తే అది సంఘం షాట్, ఎందుకంటే సంఘంల అందరు సమానం. నాకు ఈ మాట చాలా నచ్చింది. పిట్టనైనా, పళ్లెం ముందట కూచున్న పిల్లగాన్నైనా సంఘం షాట్‌తోనే తీయాలి. అంటే కూచోవాలి, ఆగాలి, వాళ్ల పని వాళ్లను చేసుకోనియ్యాలి. నారాయణపక్షి చేప కోసం ఎంతసేపు ఆగుతదో, దాని ఫొటో కోసం మనం కూడ అంతసేపు ఆగాలి.

కాబట్టి వార్డెన్ సారుకు, ఉపాధ్యాయులకు నా మనవి:

1) ఆదివారం పొద్దున ఒక గంట చెరువు కాడికి తీసుకపోవాలె. సైన్స్ సారు ఫోనుతో దూరం నుంచే ఫొటోలు తీద్దాం. “ఏ పిట్ట, ఏం తిన్నది, ఎన్ని గంటలకు” అని ఒక నోట్‌బుక్ల రాసి ఈ గోడ మీదనే పెడదాం.

2) గూడు దగ్గరికి పోవద్దు. తీతువ పిట్ట నేల మీద గుడ్లు పెడతది. అది అరుస్తుంటే అక్కడి నుంచి వెనుకకు తిరగాలె.

3) హాస్టల్‌కు ఎవరు వచ్చినా మేము తిన్నంక ఫొటో తీయమని దయచేసి చెప్పాలె. అప్పుడు మా నవ్వు కూడ మంచిగ వస్తది.

మిత్రులకు కూడ ఒక మాట. నా గులేరు నిన్న సైన్స్ సారుకు ఇచ్చేసిన. ఇంకా ఎవరెవరి పెట్టెలల్ల ఉన్నయో నాకు ఎరుక, పేర్లు రాయను. వాళ్లే తెచ్చి ఇస్తరని నమ్ముతున్న.

ఫొటో రేపు కూడ తీయొచ్చు. ఆకలి మాత్రం ఇయ్యాల్టిది. ఎవరి నోటికాడి కూడునూ చెడగొట్టొద్దు, అది పిట్టదైనా సరే.

తప్పులుంటే మన్నించగలరు.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థి,
రాయికోడ్