దోషము వీణది కాదు

మన ఉత్సవములలో వీణకచేరీ ఏల తగ్గినదని అడిగినచో, ‘మైకులో రేకుడబ్బావలె మ్రోగును’ అని కార్యకర్తలు చెప్పుదురు. ఈ నిందను మేము అంగీకరింపము.

1880లో క్యూరీ సోదరులు కనుగొన్న పియెజో ధర్మముచే, గుఱ్ఱమునకు అంటించిన బిళ్ళ కంపనమును విద్యుత్తుగా మార్చును. అది కుండలోని గాలినాదమును పట్టజాలదు. పైగా, సుమారు 10 లక్షల ఓముల నిరోధముగల ప్రీయాంప్లిఫయరు లేక నేరుగా మిక్సరునకు తగిలించినచో మంద్రము హరించి కీచుదనమే మిగులును. ఆ పెట్టెను అమర్చి, కీచును తగ్గించి, కుండయెదుట వేఱొక మైకునుంచి రెంటిని కలిపినచో వీణ వీణవలెనే పలుకును. నైలాను తీగల గిటారు వాద్యకారులు పాటించు పద్ధతియు ఇదియే.

దీపాలంకరణకు వెనుదీయని మనము ఇంతమాత్రమునకు వెనుదీయుట న్యాయమా? వేదిక దొరకని వాద్యమును పిల్లలు నేర్వరు. నేర్వని పిల్లలకు వారసత్వముపై ఉపన్యాసములు వ్యర్థములు.